ఓటు లేదు, పన్ను ఉంది: వర్జీనియా పల్లె కౌంటీలో స్కూలు బడ్జెట్ గొడవ

అమెరికాలో మనవాళ్లు స్కూళ్ల గురించి మాట్లాడుకునేదంతా ఇళ్ల గురించే. ఏ ఏరియాలో స్కూలు రేటింగ్ ఎంత, అక్కడ ఇల్లు కొనగలమా లేదా, అంతే. స్కూలు నచ్చకపోతే సామాను సర్దుకుని ఇంకో ఏరియాకి వెళ్లిపోతారు. మాకు ఆ వీలు లేకపోయింది. మా ఆయన డాక్టరు, చదువు వీసా మీద వచ్చి, డాక్టర్లు కరువైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలన్న షరతు మీద వర్జీనియా దక్షిణాన, సౌత్‌సైడ్ అనే వైపున, ఒక చిన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆసుపత్రిలో చేరారు. మూడేళ్లూ అయిపోయాక కూడా ఉండిపోయాం, ఇల్లు కొనుక్కున్నాం, బాబు ఇక్కడి స్కూల్లోనే చదువుతున్నాడు. గ్రీన్ కార్డు క్యూ సంగతి మీకు చెప్పక్కర్లేదు, అది వచ్చి, పౌరసత్వం కూడా వస్తేనే ఓటు. అంటే మాకు ఇక్కడ ఓటు లేదు గానీ ఇంటి పన్ను మాత్రం అందరితో పాటే కడతాం.

ఈ గొడవలోకి నన్ను దింపింది లెక్కల టీచరు. మావాడి క్లాసుకి చెప్పే ఆవిడ సంవత్సరం మధ్యలో పక్క కౌంటీకి వెళ్లిపోయింది, అక్కడ జీతం ఎక్కువని. ఆవిడని తప్పుపట్టలేం, ఇంటి నుంచి అటు నడిపినా ఇటు నడిపినా అరగంటే. ఆ తర్వాత రకరకాల సబ్‌స్టిట్యూట్లు (తాత్కాలిక టీచర్లు) వచ్చారు, లెక్కలు మాత్రం ముందుకు పోలేదు. నేను ప్రిన్సిపాల్‌ని కలిసి అడిగితే ఆయన పాపం చేతులెత్తేశారు: "అమ్మా, జీతాలు నా చేతిలో లేవు, స్కూల్ బోర్డు మీటింగ్‌కి రండి" అన్నారు. స్కూల్ బోర్డుకి వెళితే వాళ్లు "డబ్బు మా చేతిలో లేదు, సూపర్‌వైజర్ల (కౌంటీ పాలకమండలి) మీటింగ్‌కి వెళ్లండి" అన్నారు. సూపర్‌వైజర్ల దగ్గరికి వెళితే వాళ్లు "మేం డబ్బు ఇస్తాం గానీ దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే హక్కు మాకు లేదు, స్కూల్ బోర్డుని అడగండి" అన్నారు. మన ఆఫీసుల్లో ఇలా తిప్పుతారని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. తేడా ఏంటంటే ఇక్కడ ముగ్గురూ చెప్పింది నిజమే.

వర్జీనియాలో చాలా చోట్ల స్కూల్ బోర్డుని జనమే ఎన్నుకుంటారు (1992లో చట్టం మారాకే ఆ ఎన్నికలు మొదలయ్యాయి, అంతకుముందు నియామకాలే), కానీ ఆ బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు. చాలా రాష్ట్రాల్లో స్కూలు డిస్ట్రిక్టే తన పన్ను తనే వేసుకుంటుంది, ఇక్కడ అలా కాదు. పన్ను వేసేది బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్, అంటే కౌంటీ పాలకమండలి. వాళ్లు స్కూళ్లకి మొత్తంగా ఇంత అని ఇవ్వొచ్చు, లేదా బోధన, బస్సులు, భవనాల నిర్వహణ, టెక్నాలజీ ఇలా పద్దుల వారీగా ఇవ్వొచ్చు. అంతకు మించి "ఫలానా టీచరు పోస్టు తీసెయ్యండి" అని చెప్పలేరు. అడిగేవాళ్లకి వసూలు చేసే బాధ్యత లేదు, వసూలు చేసేవాళ్లకి ఖర్చు మీద మాట లేదు. ఇక ఇద్దరి మధ్యా అనుమానాలు కాక ఇంకేం ఉంటాయి!

మా నాన్న ప్రకాశం జిల్లాలో మా ఊరి పంచాయతీలో ఒకసారి వార్డు మెంబరుగా చేశారు. ఫోన్లో ఇదంతా చెబితే ఆయన నమ్మలేదు. "అంటే టీచరు జీతం కూడా ఊరివాళ్లే కట్టాలా అమ్మా?" అన్నారు. మన దగ్గర గవర్నమెంటు టీచరు జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్ అని రూపాయికి ఎనిమిది పైసలు కడతాం గానీ, బడి కోసం ఊళ్లో ఇంటి పన్ను పెంచాలా వద్దా అని గ్రామసభలో కొట్టుకున్న రోజు నాకైతే గుర్తు లేదు. ఇక్కడ జీతాల్లో ఒక వాటా రాష్ట్రం ఇస్తుంది, మిగతాది కౌంటీయే పెట్టుకోవాలి.

ఆ వాటా ఎంతో తేల్చే లెక్క పేరు లోకల్ కాంపోజిట్ ఇండెక్స్. ఈ పేరు వినగానే మీటింగ్‌లో సగం మంది నిద్రపోతారు, అసలు కథంతా మాత్రం అందులోనే ఉంది. రాష్ట్రం నిర్ణయించిన కనీస ప్రమాణాల ఖర్చులో ఏ కౌంటీ ఎంత భరించగలదో ఈ ఇండెక్స్ చెబుతుంది. ఇందులో సగం బరువు కౌంటీలోని ఆస్తుల విలువది, 40 శాతం జనం ఆదాయానిది, 10 శాతం అమ్మకాలది. రెండేళ్లకోసారి మళ్లీ లెక్కేస్తారు, ఎంత పెరిగినా 0.8 దగ్గర ఆపేస్తారు. ఇండెక్స్ 0.2 అయితే ఆ ఖర్చులో కౌంటీ పెట్టేది దాదాపు 20 శాతం, 0.8 అయితే 80 శాతం. సర్రీ అనే చిన్న పల్లె కౌంటీలో అణు విద్యుత్ కేంద్రం ఉంది, ఆ ఆస్తి విలువ వల్ల దాని ఇండెక్స్ 0.8కి చేరింది. చెసాపీక్ తీరాన లాంకాస్టర్ కౌంటీది కూడా 0.7 పైనే, ఎందుకంటే నీటి ఒడ్డున ఖరీదైన ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో ఉండేది ఎక్కువగా రిటైరైనవాళ్లు, స్కూల్లో ఉండేది పేదవాళ్ల పిల్లలు. కాగితం మీద మాత్రం అది ధనిక కౌంటీ.

మాకూ అదే జరుగుతోంది, ఇంకాస్త చిన్న స్థాయిలో. కోవిడ్ తర్వాత ఉత్తరాది నుంచి వచ్చి సరస్సు పక్కన ఇళ్లు కొన్నవాళ్లు ధరలు ఎక్కడికో తీసుకెళ్లారు. ఇళ్ల విలువలు తిరగ్గట్టే రీఅసెస్‌మెంట్ కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది. ఆ నోటీసులు పోస్టులో అందిన వారంలో కిరాణా షాపులో, చర్చి బయట, మా ఆయన క్లినిక్‌లో కూడా అదే మాట. బీపీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు నోటీసు తీసి చూపిస్తున్నారట.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఇది తెలియకపోతే గొడవ అర్థం కాదు. పన్ను రేటు ప్రతి వంద డాలర్ల విలువకి ఇన్ని సెంట్లు అని ఉంటుంది. ఉదాహరణకి రేటు 60 సెంట్లు, ఇంటి విలువ రెండు లక్షల డాలర్లు అనుకోండి, పన్ను 1,200. ఇప్పుడు విలువలు 40 శాతం పెరిగి ఆ ఇల్లు 2,80,000 అయింది. పాత రేటే ఉంచితే పన్ను 1,680. అలా చడీచప్పుడు లేకుండా పెరగకూడదని రాష్ట్ర చట్టం అడ్డం పెట్టింది: రీఅసెస్‌మెంట్ వల్ల రాబడి ఒక శాతం దాటి పెరిగేలా ఉంటే రేటు దించాలి, లేదా ప్రకటన ఇచ్చి, జనం మాట విని, ఓటు వేసి పెంచాలి. మన ఉదాహరణలో 43 సెంట్లకి దించితే దాదాపు పాత రాబడే వస్తుంది. స్కూల్ బోర్డు అడిగిన డబ్బు ఇవ్వాలంటే 48 కావాలి, అంటే 1,344. పేపర్లో "రేటు 60 నుంచి 48కి తగ్గింపు" అని రాస్తే అబద్ధం కాదు. "పన్ను పెంచేస్తున్నారు" అని పొరుగాయన తిడితే అదీ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజమని చెప్పడానికి ఎవరికీ ఓపిక లేదు, అందుకే ఊరంతా ఒకరినొకరు అబద్ధాలకోరులని తిట్టుకోవడం.

దీంతో పాటు ఇంకో మాట తరచూ వినిపిస్తుంది, "ఒక పెన్నీ విలువెంత" అని. రేటు ఒక్క సెంటు పెంచితే కౌంటీకి ఎంత వస్తుందన్నమాట. వాషింగ్టన్ పక్కనున్న పెద్ద ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఒక పెన్నీకి 3 కోట్ల డాలర్ల పైన వస్తుంది. మా దగ్గర కొన్ని లక్షలు, ఓ రెండు స్కూలు బస్సులు కొంటే సరి. మా పిన్ని కొడుకు లౌడన్ కౌంటీ యాష్‌బర్న్‌లో ఉంటాడు, ఆ వైపంతా మన తెలుగువాళ్లే. వాడితో ఫోన్లో మొత్తుకుంటే "స్కూలు కోసం నువ్వు మీటింగులేంటక్కా, ఇక్కడికి వచ్చేయండి" అన్నాడు. ఒరేయ్, మీ స్కూళ్లు మీ మంచితనం వల్ల నడవట్లేదు, మీ కౌంటీలో డేటా సెంటర్లు కట్టే కంప్యూటర్ సామగ్రి పన్ను వల్ల నడుస్తున్నాయి అన్నాను. ఆ డబ్బు వస్తుంటే అక్కడ ఏళ్ల తరబడి ఇంటి పన్ను రేటు తగ్గిస్తూ కూడా స్కూళ్లు కట్టుకుంటూ పోయారు. మా వైపు మెక్లెన్‌బర్గ్ కౌంటీకి మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ దొరికింది, ఆ అదృష్టం ప్రతి కౌంటీకీ లేదు. మావాళ్లు మాత్రం ప్రతి మీటింగ్‌లో ఒకరు లేచి "మనకీ ఒక డేటా సెంటర్ తెండి" అంటారు, వెంటనే ఇంకొకరు లేచి "మా పొలం పక్కన మాత్రం వద్దు" అంటారు.

పన్ను రేటు మీద జనం మాట వినే హియరింగ్ కోర్టు హౌస్ హాల్లో పెట్టారు. ముందే కాగితం మీద పేరు, కౌంటీలో ఏ డిస్ట్రిక్టో (వార్డు లాంటిది) రాసివ్వాలి, పిలిచాక మైకు దగ్గర మూడు నిమిషాలు. ఎదురుగా టైమర్, పసుపు లైటు, ఎర్ర లైటు. సూపర్‌వైజర్లు వింటారు, జవాబు చెప్పరు. కుర్చీలు సరిపోక జనం గోడల వెంట నిలబడ్డారు. టీచర్లంతా ఎర్ర షర్టుల్లో ఒకవైపు కూర్చున్నారు, అదేదో ముందే అనుకున్నారట. నాకు మాత్రం కాగితం పట్టుకున్న చెయ్యి చెమటలు, టెన్షన్‌తో మొదటి అరగంటలో ఎవరేం మాట్లాడారో సగం వినపడలేదు.

విన్నంతలో నన్ను కదిలించినవాళ్లు స్కూలు వైపువాళ్లు కాదు. ఒక పెద్దావిడ, భర్త పోయాడు, సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ మీద బతుకు. మా పెళ్లయినప్పటి నుంచీ అదే ఇంట్లో ఉన్నాను, ఇంటికి ఒక్క గది కూడా కలపలేదు, మీరే దాని విలువ పెంచారు, నా చెక్కు మాత్రం పెంచలేదు అంది. తర్వాత మా రోడ్డులోనే ఉండే రైతు. ఒకప్పుడు పొగాకు వేసేవాడు, 2004లో ఫెడరల్ ప్రభుత్వం, ఎవరు ఎంత పండించాలో చెప్పే కోటా పద్ధతి ఎత్తేసి నష్టపరిహారం ఇచ్చాక మానేసి ఇప్పుడు ఆవులు, ఎండుగడ్డి. ఆయనతో నాకు మంచి మాటలున్నాయి, కారణం పొగాకే. మా జిల్లాలో పండించేది వర్జీనియా పొగాకని, దాన్ని బ్యారన్లలో (వేడి గదుల్లో) ఆరబెడతారని, టంగుటూరులో వేలం వేస్తారని చెప్పినప్పుడు ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని ఆకు గ్రేడుల గురించి గంటసేపు అడిగాడు. పొలం ఉన్నవాడి దగ్గర డబ్బుంటుందని బయటివాళ్లు అనుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే. ఇక్కడ సాగుభూమికి ల్యాండ్ యూజ్ అని ఒక వెసులుబాటు ఉంది, మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీదే పన్ను వేస్తారు. కానీ ఇల్లు, షెడ్లు అందులోకి రావు. పైగా కార్లు, పికప్పుల మీద విడిగా ఏటా పన్ను. 1997లో ఆ కారు పన్ను తీసేస్తానని చెప్పి ఒకాయన గవర్నర్ కూడా అయ్యాడు, రాష్ట్రం కొంత సాయం చేసి 95 కోట్ల డాలర్ల దగ్గర ఆపేసింది, పన్ను ఇంకా అలాగే ఉంది. మా రైతు మైకులో అన్నది చిన్న మాట: నా పిల్లలు ఈ స్కూల్లోనే చదివారు, చదివి అందరూ పక్క రాష్ట్రంలోని రాలీకి, షార్లెట్‌కి వెళ్లిపోయారు, వాళ్ల చదువుకి నేను కట్టాను, దాని ఫలం ఆ ఊళ్లు తింటున్నాయి.

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. నేను కూడా మా ఊరి చదువు తీసుకొచ్చి ఇక్కడ పెట్టిన దాన్నే కదా.

నాకు అసలు ఓర్పు లేనిది ఇంకో రకం మీద. సూపరింటెండెంట్ (కౌంటీ స్కూళ్లన్నిటికీ పెద్దాఫీసరు) జీతం తగ్గిస్తే సరిపోతుందనేవాళ్లు. ఆయన జీతం మొత్తం తీసేసినా టీచర్లందరికీ పంచితే కాఫీ ఖర్చులకి మించి రాదు. అయినా చప్పట్లు ఎక్కువ పడ్డది ఆ మాటకే.

ఒక నల్లజాతి పెద్దావిడ మాట్లాడినప్పుడు మాత్రం హాలు సద్దుమణిగింది. తను ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో పుట్టానని, ఒకటో తరగతికి వెళ్లాల్సిన వయసులో వెళ్లడానికి బడి లేకపోయిందని చెప్పింది. ఆ కథ తెలియనివాళ్ల కోసం: 1951లో ఫార్మ్‌విల్‌లో మోటన్ హైస్కూలు పిల్లలు, బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల అమ్మాయి ముందుండి, తమ బడి అధ్వాన్నంగా ఉందని సమ్మె చేశారు. ఆ కేసు, జాతి వారీగా బడులు వేరు చేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన బ్రౌన్ తీర్పులో కలిసింది. తెల్ల, నల్ల పిల్లలు కలిసి చదవాల్సిందేనని కోర్టులు పట్టుబట్టేసరికి 1959లో ఆ కౌంటీ సూపర్‌వైజర్లు స్కూళ్లకి డబ్బు ఇవ్వడమే మానేశారు. ప్రభుత్వ బడులన్నీ మూతపడ్డాయి. తెల్ల పిల్లలకి ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. 1964లో సుప్రీంకోర్టు, అవసరమైతే సూపర్‌వైజర్ల చేత పన్ను వేయించే అధికారం కింది కోర్టుకి ఉందని తేల్చాకే మళ్లీ తెరిచారు. ఫార్మ్‌విల్‌లో ఆ స్కూలు భవనం ఇప్పుడు మ్యూజియం, మేం మావాడిని తీసుకెళ్లి చూపించాం. డబ్బు ఇచ్చేవాళ్లు ఒకరు, బడి నడిపేవాళ్లు ఒకరు అన్న ఈ ఏర్పాటు ఏదో పాలనా పద్ధతి అని అప్పటిదాకా అనుకున్నా. దాన్ని ఒక కౌంటీ ఎంతదూరం వాడిందో ఆవిడ చెబితే వేరేలా వినిపించింది. అయితే ఆవిడ స్కూల్ బోర్డు అడిగినంతా ఇవ్వమని మాత్రం అనలేదు. ఎంతో మీరే తేల్చండి, కానీ పిల్లల్ని బేరంలో పెట్టకండి అని కూర్చుంది.

నా వంతు వచ్చేసరికి రాసుకున్న ఇండెక్స్ గోల పక్కన పెట్టేశాను. లెక్కల టీచరు వెళ్లిపోయిన సంగతి చెప్పాను. తర్వాత ఆసుపత్రి గురించి చెప్పాను: ఇక్కడికి ఇంటర్వ్యూకి వచ్చే ప్రతి డాక్టరూ సాయంత్రం భోజనం దగ్గర మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న స్కూలు ఎలా ఉందని, మేం ఆ ప్రశ్నకి నిజం చెప్పాలో అబద్ధం చెప్పాలో మీరే చెప్పండి అన్నాను. ఎర్ర లైటు వెలిగేలోపే అయిపోయింది. ఒక సూపర్‌వైజర్ ఏదో రాసుకోవడం చూశాను. బయటికి వచ్చాక మా రైతు పొరుగాయన దగ్గరికొచ్చి, బాగా చెప్పావు గానీ పన్ను పెరిగితే కట్టే ఆ నూట నలభై డాలర్లు మీకూ నాకూ ఒకటి కాదు అన్నాడు. మేం డాక్టరు కుటుంబం, ఆ మాటలో తప్పేముంది.

నాకు కోపం వచ్చింది ఆయన మీద కాదు, రిచ్‌మండ్ మీద, అంటే రాష్ట్ర రాజధానిలో ఉన్నవాళ్ల మీద. రాష్ట్ర శాసనసభ కోసం పనిచేసే జేఎల్ఏఆర్‌సీ అనే సంస్థ 2023లో ఒక నివేదిక ఇచ్చింది, వర్జీనియా స్కూళ్లకి ఒక్కో విద్యార్థికి అందే డబ్బు దేశ సగటు కన్నా 14 శాతం, అంటే దాదాపు 1,900 డాలర్లు తక్కువని. 2009 మాంద్యంలో సహాయక సిబ్బంది పోస్టులకి రాష్ట్రం ఇచ్చే డబ్బు మీద ఒక పరిమితి పెట్టారు, మాంద్యం పోయింది, పరిమితి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. ఇక కౌంటీ తనంతట తానే కొత్త పన్ను వేసుకుందామా అంటే రాష్ట్రం అనుమతి లేనిదే కుదరదు. స్కూలు భవనాల కోసం ఒక శాతం అమ్మకం పన్ను వేసుకోవచ్చని కొన్ని కౌంటీలకే వీలిచ్చారు. 2019లో హాలిఫాక్స్ కౌంటీ జనం దానికి ఓటు వేసి మరీ ఒప్పుకున్నారు. మిగతా కౌంటీలకి కూడా ఆ వీలు ఇద్దామని తెచ్చిన బిల్లుని 2024లో అప్పటి గవర్నర్ యంగ్‌కిన్ వీటో చేశారు. పైగా కోవిడ్ కాలంలో వచ్చిన ఫెడరల్ డబ్బుకి 2024 సెప్టెంబరుతో గడువు అయిపోయింది, ఆ డబ్బుతో పెట్టుకున్న ట్యూటర్లు, కౌన్సెలర్ల జీతాలు ఇప్పుడు కౌంటీ నెత్తిన పడ్డాయి. ఇన్ని తలుపులు మూసి, మిగిలిన ఒక్క తలుపు ఇంటి పన్ను. ఆ తలుపు దగ్గర పెద్దావిడనీ లెక్కల టీచరునీ ఎదురెదురుగా నిలబెట్టి, కౌంటీవాళ్లు కొట్టుకుంటున్నారు అనడం ఏం న్యాయం?

ఓటింగ్ రోజు చాలా తక్కువ మంది వచ్చారు. ప్రకటించిన రేటే గరిష్ఠం, దానికి మించి వేయడానికి వీల్లేదు, తగ్గించొచ్చు. తగ్గించారు. పాత రాబడి నిలబెట్టే రేటుకీ స్కూల్ బోర్డు అడిగినదానికీ మధ్యలో ఒక అంకె పట్టుకుని ఒక్క ఓటు తేడాతో పాస్ చేశారు. టీచర్ల జీతాలు పెంచారు, అడిగినంత కాదు. కొత్త బస్సులు వచ్చే ఏడాదికి. రిటైరైన తక్కువ ఆదాయంవాళ్లకి ఇచ్చే పన్ను మినహాయింపు పరిమితి కాస్త పెంచారు, ఇది పెద్దావిడ మాట వల్లే అని నా నమ్మకం, పేపర్లో మాత్రం దీని గురించి ఒక్క వాక్యం. స్కూళ్లకి డబ్బు మొత్తంగా కాకుండా పద్దుల వారీగా ఇచ్చారు, అంటే బోధన పద్దులోది అడగకుండా ఇంకో పద్దుకి మార్చడానికి లేదు. సూపరింటెండెంట్‌కి అది అవమానంగా అనిపించిందట. నాకైతే ఆ ఒక్క విషయంలో సూపర్‌వైజర్లదే రైటు అనిపించింది, ఎర్ర షర్టులవాళ్లకి ఈ మాట చెబితే నాతో మాట్లాడరేమో.

లెక్కల టీచరు పోస్టుకి ఆగస్టులో మనిషి దొరికింది, ఫిలిప్పీన్స్ నుంచి ఎక్స్ఛేంజ్ వీసా మీద వచ్చిన ఆవిడ. బాగా చెబుతుందట. ఇప్పుడు కొత్త గొడవ మిగులు డబ్బుది. జూన్ 30తో ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి స్కూళ్లు ఖర్చు పెట్టని సొమ్ము మళ్లీ కౌంటీకి వెళ్లిపోతుంది. ఖాళీ పోస్టుల జీతాలే కొంత మిగిలాయి. దాన్ని తిరిగిస్తే హైస్కూలు పైకప్పు బాగుచేస్తామని స్కూల్ బోర్డు అంటోంది. మిగిలిందంటే మీరు అవసరానికి మించి అడిగినట్టే కదా అని ఇద్దరు సూపర్‌వైజర్లు అంటున్నారు. సెప్టెంబరు మీటింగ్ అజెండాలో పెట్టారు, నేను పేరు రాయించాను.